రాళ్లు పొదిగే పనికి తలకు పెట్టుకునే భూతద్దం: నాలుగు కాలాలు నిలిచేది ఏది?

రాళ్లపని_ప్రొద్దుటూరు

అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్లు, ప్రొద్దుటూరులో రాళ్లు పొదిగే పని. నాన్న దగ్గరే నేర్చుకున్నాను, 27 ఏళ్లుగా ఇదే బతుకు. మూడేళ్ల కిందటి దాకా ఏ అద్దమూ లేకుండానే ఒక సెంటు డైమండ్, అంటే 1.3 మిల్లీమీటర్ల రాయి, కూర్చోబెట్టేవాణ్ణి. ఇప్పుడు చత్వారం వచ్చింది, రెండు కళ్లకీ +1.75 రాశారు, కుడి కంటికి కొంచెం సిలిండర్, అంటే అడ్డానికీ నిలువుకీ చూపులో తేడా, కూడా ఉందన్నారు. ఆ కళ్లద్దాలతో పేపర్ చదువుకోవచ్చు గానీ రాయి కూర్చునే గుంట అంచు మాత్రం తెలియడం లేదు.

పోయిన ఏడాది ఆన్‌లైన్‌లో 650 రూపాయలకి ఒకటి తెప్పించాను. తలకి పట్టీ, ముందు లైటు, మార్చుకునే నాలుగు లెన్సు పలకలు. మొదటి నెల బాగానే ఉంది. తర్వాత పైకి లేపి దించే కీలు వదులైపోయి పని మధ్యలో దానంతట అదే ముక్కు మీదకి జారేది. దానికి దారం చుట్టి కొన్నాళ్లు నెట్టుకొచ్చాను. పలక మీద లక్క పొగ పట్టిందని స్పిరిట్‌తో తుడిస్తే రెండు రోజుల్లో సాలెగూడులాగా సన్న పగుళ్లు వచ్చేశాయి. అన్నిటికన్నా పెద్ద బాధ తలనొప్పి. 2.5 అని రాసి ఉన్న పలక పెడితే సరుకు ముక్కు దగ్గరికి తెచ్చుకోవాల్సి వచ్చేది, సాయంత్రానికి మెడ పట్టేసేది.

పోయిన నెల ఒక పెద్దావిడ కమ్మలు తెచ్చి, వీటి మీద ఉన్న ఆరక్షరాల నంబరు చదివి చెప్పు నాయనా, ఫోన్‌లో కొట్టి చూసుకుంటాను అంది. హాల్‌మార్క్‌తో పాటు నగ మీద కొట్టే ఆ హెచ్‌యూఐడీ నంబరు అంటే మా పనివాళ్లం చిటికెలో చదివేవాళ్లం. నేను కిటికీ దగ్గరికి పోయి, అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి పక్క అంగడి పిల్లవాణ్ణి పిలిచి చదివించాను. ఆ రోజు మనసు చాలా బాధపడింది.

ఐదారు వేల దాకా పెట్టగలను. కళ్లద్దాల మీద పెట్టుకునేలా ఉండాలి, రోజుకి ఎనిమిది గంటలు వాడతాను, మా ఊరి ఎండాకాలం చెమటకి తట్టుకోవాలి, పక్కనే గ్యాస్ మంట ఉంటుంది. ఎన్ని రెట్లది కొనాలి? గాజుదా, ప్లాస్టిక్‌దా? వాడి చూసినవాళ్లు చెప్పండి.

బోర్డ్‌రిపేర్_కోఠి

అన్నా, నేను సెల్‌ఫోన్ బోర్డులు చేస్తాను, 12 ఏళ్లు. నువ్వు చెప్పిన రకంవి నేను మూడు పాడుచేశాను. మూడూ కీలు దగ్గరే పోయాయి. లోపల ప్లాస్టిక్ పళ్లు అరిగిపోతాయి, అవి అరిగాక బాగుచేయడానికి ఏమీ ఉండదు. పలకలు అక్రిలిక్‌వి. అక్రిలిక్‌కి స్పిరిట్, థిన్నర్, ఎసిటోన్ ఏవీ తగలకూడదు, పగుళ్లు దాని వల్లే.

నేనైతే మైక్రోస్కోప్‌కి మారిపోయాను. మా దగ్గర కొన్ని భాగాలు 0.4 మిల్లీమీటర్ల పొడవు, 0.2 వెడల్పు ఉంటాయి, వాటికి తలకి పెట్టుకునేది ఏదీ చాలదు. స్టీరియో మైక్రోస్కోప్ కింద 0.5 బార్లో లెన్స్, అంటే దూరం పెంచే అదనపు అద్దం, బిగిస్తే కింద 16 సెంటీమీటర్ల పైన ఖాళీ వస్తుంది, చేతులూ టంకం వేసే ఐరనూ హాయిగా ఆడతాయి. కానీ అది నీ బడ్జెట్‌లో రాదు, పైగా నువ్వు సరుకుని చేతిలో తిప్పుతూ చేస్తావు కాబట్టి ప్రతిసారీ చూపు లోంచి జారిపోతుంది. బల్ల మీద కదలకుండా ఉండే పనికే అది.

కంటిపరీక్ష_వరంగల్

నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, అంటే చూపు పరీక్షించి కళ్లద్దాలు రాసేవాణ్ణి. స్వర్ణకారులు, ఎంబ్రాయిడరీ చేసేవాళ్లు, వాచీ మెకానిక్‌లు మా దగ్గరికి వస్తుంటారు, అందరూ అడిగే మొదటి మాట ఇదే, ఎన్ని రెట్లది కొనాలి అని. అది రెండో ప్రశ్న అండీ. మొదటిది, మీ కంటికీ మీ పనికీ మధ్య ఎంత దూరం ఉంటే మీ నడుము నిటారుగా ఉంటుంది అన్నది. దూరం తేలితే రెట్లు దానంతట అవే తేలతాయి.

ఎందుకో చెప్తాను. ఒంటి లెన్స్‌తో చేసిన ఏ భూతద్దానికైనా 100ని దాని పవర్‌తో భాగిస్తే వచ్చేదే దూరం, సెంటీమీటర్లలో. +4 అయితే 25, +5 అయితే 20, +10 అయితే 10. ఇందులో ఎవరూ చేయగలిగిందేమీ లేదు, కాంతి నడిచే తీరే అది. పెట్టె మీద వేసే రెట్లు చాలామంది పవర్‌ని 4తో భాగించి 1 కలిపి వేస్తారు. అంటే 2.5 అని రాసి ఉంటే లెన్స్ దాదాపు +6. దాని కింద మీ +1.75 కళ్లద్దాలు కూడా ఉన్నాయి, రెండూ కలిస్తే 7.75. 100ని దాంతో భాగించండి, 13 సెంటీమీటర్లు. మీరు సరుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకోవాల్సి వచ్చింది అందుకే. 3.5 పలక పెట్టి ఉంటే 9 సెంటీమీటర్లు కూడా వచ్చేది కాదు.

ఇక తలనొప్పి. అంత దగ్గర వస్తువుని రెండు కళ్లతో చూడాలంటే కళ్లు రెండూ ముక్కు వైపు బాగా తిరగాలి. ఆ తిప్పే కండరాలు ఎనిమిది గంటలు బిగుసుకుని ఉంటే నొప్పి రాక ఏమవుతుంది? మంచి తయారీలో రెండు లెన్సులూ కొంచెం లోపలికి జరిపి బిగిస్తారు, అప్పుడు అవి ప్రిజంలాగా, అంటే కాంతిని పక్కకి వంచే గాజు ముక్కలాగా, పనిచేసి కళ్ల మీద ఆ భారం తగ్గిస్తాయి. చవక పలకల్లో రెండు లెన్సుల మధ్య దూరం ఎవరి కళ్లకీ కుదరకుండా ఉంటుంది, ఒక్కోసారి ఒకటి పైకీ ఒకటి కిందికీ కూడా. కన్ను ఆ తేడాని సర్దుకోవడానికి రోజంతా కష్టపడుతుంది.

ముందు ఒక పని చేయండి. ఏ అద్దమూ లేకుండా, చక్కగా కూర్చుని, మోచేతులు బల్లకి ఆనించి, పని చేస్తున్నట్టు సరుకు పట్టుకోండి. ఇంట్లో ఎవరితోనైనా స్కేలుతో కంటి నుంచి సరుకు దాకా కొలిపించి ఆ అంకె ఇక్కడ రాయండి.

పాతపెన్నులు_డాలస్

మాది రాజమండ్రి, ఇప్పుడు డాలస్. పాత ఫౌంటెన్ పెన్నులు బాగుచేయడం నా సరదా, పాళీ రెండు చీలికల మధ్య సందు సరిచేయాలంటే అద్దం లేకుండా కుదరదు. తొమ్మిదేళ్లుగా ఒకటే వాడుతున్నాను, ఆప్టివైజర్ అని, కాన్సస్‌లోని డొనెగన్ ఆప్టికల్ వాళ్లది. ఇక్కడ నగల పనివాళ్ల బల్లల మీద ఎక్కువగా కనిపించేది కూడా అదే.

చూడటానికి ఏమీ ఉండదు, లైటు లేదు, హంగు లేదు. కానీ లెన్స్ గాజుది, అరగదీసి పాలిష్ పట్టినది. పలక ఒక్కటీ మరలు విప్పి మార్చుకోవచ్చు, నుదుటికి తగిలే తోలు పట్టీ అరిగితే అది విడిగా దొరుకుతుంది. నేను ఈ తొమ్మిదేళ్లలో పట్టీ రెండుసార్లు మార్చాను, గాజు అదే. పేర్లు డిఎ-2, డిఎ-3 ఇలా ఉంటాయి. పైన వరంగల్ గారు చెప్పింది చదివాక ఒక విషయం వెలిగింది. కంపెనీ వాళ్లు డిఎ-3కి 14 అంగుళాల దూరం, 1.75 రెట్లు అని ఇస్తారు, డిఎ-4కి 10 అంగుళాలు, 2 రెట్లు, డిఎ-5కి 8 అంగుళాలు, 2.5 రెట్లు, డిఎ-7కి 6 అంగుళాలు, డిఎ-10కి 4 అంగుళాలే. అంటే పేరులో ఉన్న అంకే దాదాపుగా పవర్ అన్నమాట!

నేను మొదట ఎక్కువ రెట్లుంటే మంచిదనుకుని డిఎ-10 కొన్నాను. పాళీ బ్రహ్మాండంగా కనిపించేది, పటకారు పట్టిన చెయ్యి మాత్రం అద్దానికి తగిలేది. ఆరు నెలలకి డిఎ-5 పలక తెప్పించుకున్నాను, అప్పటి నుంచి దాన్ని మార్చే అవసరం రాలేదు. మీకు ఇండియాలో దిగుమతి సరుకు కాబట్టి రేటు ఎక్కువే పడుతుంది. ఒక జాగ్రత్త, అచ్చం అదే ఆకారంలో ప్లాస్టిక్ లెన్స్ పెట్టిన నకళ్లు చాలా ఉన్నాయి. చేతికి రాగానే గోటితో లెన్స్ మీద మెల్లగా తట్టి చూడండి, గాజు మోతకీ ప్లాస్టిక్ మోతకీ తేడా తెలిసిపోతుంది, చెంపకి ఆనిస్తే గాజు చల్లగా ఉంటుంది.

రాళ్లపని_ప్రొద్దుటూరు

వరంగల్ సార్, మా పాప చేత కొలిపించాను. మూడుసార్లు కొలిస్తే 21, 22, 21 వచ్చింది. మీ లెక్క ప్రకారం నాకు ఏది పడుతుంది? కళ్లద్దాలు తీసేసి పెట్టుకోనా, ఉంచుకుని పెట్టుకోనా? ఇంకో సంగతి, నా దగ్గర పని నేర్చుకునే పిల్లవాడికి 19 ఏళ్లు, వాడికి మైనస్ 4 ఉంది. సన్న పని వచ్చినప్పుడల్లా వాడు కళ్లద్దాలు తీసి పక్కన పెడతాడు. కళ్లు చెడిపోతాయని నేను తిడుతుంటాను.

కంటిపరీక్ష_వరంగల్

ముందు ఆ పిల్లవాడి సంగతి. వాణ్ణి తిట్టకండి. మైనస్ 4 ఉన్న కన్నుకి కళ్లద్దాలు తీస్తే 25 సెంటీమీటర్ల దగ్గర ఏ శ్రమా లేకుండా స్పష్టంగా కనిపిస్తుంది, మీరు డబ్బు పెట్టి +4 కొని తెచ్చుకునే చూపు వాడికి ఊరికే ఉంది. దాని వల్ల కన్ను చెడదు. కాకపోతే కళ్లద్దాలు తీసినప్పుడు నలకల నుంచి రక్షణ ఉండదు, మోటార్ తిప్పేటప్పుడు మాత్రం పవర్ లేని సేఫ్టీ కళ్లద్దాలు పెట్టించండి.

మీ సంగతికొస్తే, 21 సెంటీమీటర్లకి కావాల్సింది సుమారు 4.75. మీ కళ్లద్దాల్లో 1.75 ఇప్పటికే ఉంది, మిగిలింది 3. అంటే కళ్లద్దాల మీద 3 పవర్ పలక పెడితే మీరు ఇప్పుడు కూర్చునే తీరులోనే, మెడ వంచకుండా, రెండు రెట్లకి కొంచెం పైన కనిపిస్తుంది. కళ్లద్దాలు తీసేస్తే 5 పవర్ పలక కావాలి, దూరం 20 వస్తుంది. రెండూ ఇంచుమించు ఒకటే. కానీ మీకు సిలిండర్ ఉందన్నారు. సిలిండర్ తేడాని ఏ భూతద్దమూ సరిచేయదు, గీత ఒక వైపు పదునుగా, ఇంకో వైపు మసకగా కనిపిస్తుంది, పెద్దది చేసినా ఆ మసక అలాగే పెద్దదవుతుంది. కాబట్టి కళ్లద్దాలు ఉంచుకోండి, మీద 3 పెట్టండి.

ఒకవేళ మీకు ప్రోగ్రెసివ్, అంటే ఒకే అద్దంలో పైనుంచి కిందికి పవర్ మారుతూ పోయే, కళ్లద్దాలు ఇచ్చి ఉంటే వాటి మీద ఇది కుదరదు, చూపు ఏ భాగంలోంచి పోతుందో తెలియక తల ఎత్తి దించి అలసిపోతారు. పని బల్లకి విడిగా ఒకే పవర్ ఉన్న జత చేయించుకోండి. అది పాలీకార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌లో చేయించుకుంటే ఎగిరే ముక్కలకి కూడా అడ్డు.

ఇంకో దారి కూడా ఉంది, మన పనివాళ్లకి ఎవరూ చెప్పరు. చూపు తక్కువున్నవాళ్ల కోసం లోపలే ప్రిజం కలిపి చేసే సగం కళ్లద్దాలు ఉంటాయి. +4కి ఒక్కో కంటికి 6 ప్రిజం, +6కి 8, ఇలా పవర్‌కి 2 కలిపి వేస్తారు. తలకి పట్టీ ఉండదు, కీలు ఉండదు, చెమట పట్టదు, విరిగేది ఏమన్నా ఉంటే ఫ్రేమే. తల మీద బరువు సహించనివాళ్లకి అది మంచిది. మీ సిలిండర్ కూడా అందులోనే కలిపి చేయమని అడగవచ్చు, ఖర్చు కాస్త పెరుగుతుంది.

నలభై దాటారు కాబట్టి పరీక్షకి పోయినప్పుడు కంటి ప్రెషర్ కూడా చూపించుకోండి. అది అద్దంతో సరయ్యేది కాదు, ముందే పట్టుకోవాలి.

గడియారాలు_విజయవాడ

నాకు 68. నలభై రెండేళ్లు వాచీలు విప్పాను. బాబూ, పైన వాళ్లు చెప్పినవన్నీ సరైనవే, రెండు మాటలు కలుపుతాను.

తల అద్దం పని చేయడానికి, కంటి లూప్, అంటే కంటికి ఆనించుకునే చిన్న భూతద్దం, చూసుకోవడానికి. రెండిటినీ కలపొద్దు. 10 రెట్ల లూప్‌కి సరుకు రెండున్నర సెంటీమీటర్ల దగ్గరికి రావాలి, దాని కింద చెయ్యి ఆడదు. కానీ రాయి పూర్తిగా కూర్చుందా, అంచు కింద సందు ఏమైనా ఉందా, నువ్వు చెప్పిన ఆరక్షరాలు ఏమిటి, ఇవి చూడటానికి దాన్ని మించింది లేదు. మూడు లెన్సులు అతికించి చేసేదాన్ని ట్రిప్లెట్ అంటారు, అది తీసుకో. మామూలు దాంట్లో అంచుల దగ్గర రంగు గీతలు కనిపిస్తాయి, ట్రిప్లెట్‌లో కనిపించవు. డైమండ్ గ్రేడింగ్ చేసేవాళ్లు వాడేది అదే.

ఏ అద్దమైనా కొనే ముందు జేబులోంచి కొత్త వంద నోటు తీసి చూడు. గాంధీ గారి బొమ్మ పక్కన సన్న అక్షరాల్లో ఆర్‌బిఐ, భారత్, ఇండియా, 100 అని ఉంటాయి. ఆ అక్షరాలు మధ్యలోనే కాదు, అద్దం అంచు దగ్గరికి జరిపినా వంగకుండా ఉన్నాయా చూడు. తర్వాత ఒక కన్ను మూసి, ఇంకోటి మూసి చూడు. అక్షరం చోటు మారినట్టు, పైకో కిందికో ఎగిరినట్టు కనిపిస్తే ఆ అద్దం అక్కడే వదిలేయ్.

ఇక తుడవడం. నేను చూసినంతలో అద్దాలు వాడకం వల్ల పాడవ్వవు, తుడవడం వల్ల పాడవుతాయి. బల్ల మీద ఆకురాయి రజను, పాలిష్ పొడి ఎప్పుడూ గాలిలో ఉంటాయి, అవి అద్దం మీద కూర్చుంటాయి. చొక్కా అంచుతో పొడిగా రుద్దావంటే గాజు కాగితంతో రుద్దినట్టే. ముందు నీళ్ల ధార కింద పెట్టి కడుగు, ఒక బొట్టు సబ్బు నీళ్లు వేలితో రాయి, మళ్లీ కడుగు, ఆ తర్వాతే మెత్తని గుడ్డ. రాత్రి బల్ల మీద బోర్లా పెట్టొద్దు, గుడ్డ సంచిలో వేసి మేకుకి తగిలించు. నా పాత లూప్ గొట్టానికి నేనే రెండు చిన్న బెజ్జాలు వేసుకున్నాను, కంటి వేడికి ఆవిరి పట్టకుండా. మీ ఊరి ఎండలకి నీకూ పనికొస్తుంది.

పళ్లడాక్టర్_గుంటూరు

మేము రోజూ వాడే డెంటల్ లూప్స్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను చెప్తాను. అవి ఒంటి లెన్స్ కాదు, ఒక్కో కంటికీ చిన్న దూరదర్శిని లాంటిది, అందుకే 2.5 రెట్లు కూడా 40 సెంటీమీటర్ల దూరం నుంచి వస్తుంది. వరంగల్ గారి లెక్క వీటికి వర్తించదు. మెడ నిటారుగా ఉంటుంది, నాకు రోజుకి పది మంది రోగులు, అయినా మెడ నొప్పి తగ్గింది.

కానీ మీకు ఇవి కొనమని చెప్పను. మంచివి మీ బడ్జెట్‌కి చాలా పైన ఉంటాయి. చవకవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి గానీ రెండు గొట్టాల మధ్య దూరం మీ కంటిపాపల మధ్య దూరానికి మిల్లీమీటర్ తేడా లేకుండా సరిపెట్టుకోవాలి, లేకపోతే రెండు బొమ్మలు కనిపిస్తాయి. మీరు మోచేతులు బల్లకి ఆనించి 21 సెంటీమీటర్ల దగ్గర పని చేసేవారు, 40 దూరానికి మారితే చేతులు గాలిలో ఉంటాయి, మీ పట్టు పోతుంది. ఎప్పుడైనా మెడ సమస్య మరీ ముదిరితే అప్పుడు ఆలోచించండి.

వెండితీగ_కరీంనగర్

అన్నా, మాది కరీంనగర్ వెండి తీగ పని, అదే ఫిలిగ్రీ. మా పనికి 2007లో జిఐ, అంటే ఫలానా ఊరి ప్రత్యేకత అనే, గుర్తింపు వచ్చింది. రెండు సన్న తీగల్ని కలిపి మెలేసి, చదును చేసి, చట్రం లోపల ఆకులు పూలు నింపుతాం. నేను 14 ఏళ్ల నుంచి చేస్తున్నాను, ఆరేళ్ల నుంచి అద్దం వాడుతున్నాను.

మంట సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. టంకం కరిగేటప్పుడు మనం తెలియకుండానే ముందుకి వంగుతాం. నా మొదటి దాని ప్లాస్టిక్ చట్రం కింది అంచు అలాగే మెత్తబడి వంకర పోయింది, లెన్స్ వంకర పోలేదు గానీ అది కూర్చునే గాడి వంగి రోజూ ఊడి పడేది. అప్పటి నుంచి నా పద్ధతి ఇది. వెలిగారం రాసి, పొడి టంకం చల్లి, తీగలన్నీ సర్దేదాకా అద్దం కిందికి, మంట చేతిలోకి తీసుకోగానే అద్దం పైకి. టంకం పారింది అని చెప్పే ఆ మెరుపు మామూలు కంటికే కనిపిస్తుంది. వెలిగారం మండేటప్పుడు వచ్చే పసుపు వెలుగులో అద్దం ఉన్నా కంటికి అదనంగా ఏమీ కనపడదు.

ఇలా చేస్తే రోజుకి యాభై అరవై సార్లు పైకీ కిందికీ తిప్పుతాం. అందుకే మన్నిక అంటే నా లెక్కలో ముందు కీలు, తర్వాతే లెన్స్. లోపల ప్లాస్టిక్ పళ్లతో టకటకమని ఆగేది వద్దు. పక్కన మర ఉండి, వదులైనప్పుడు చేత్తో బిగించుకునేదే తీసుకో. నాది ఆరేళ్లలో నాలుగైదుసార్లు బిగించాను, అంతే.

ముందున్న లైటు మీద కూడా మోజు వద్దు. నుదుటి మీద నుంచి నేరుగా పడే వెలుగు వెండి మీద తెల్లగా తిరిగి కొడుతుంది, లోతు తెలియదు. బంగారానికీ అంతే అనుకుంటాను. ఎడమ పక్క నుంచి ఏటవాలుగా పడేలా ఒక టేబుల్ లైటు పెట్టుకో, గుంట లోపల నీడ పడుతుంది, ఆ నీడని బట్టే లోతు తెలుస్తుంది. బ్యాటరీలు లేకపోతే తల మీద బరువూ తగ్గుతుంది.

మా అమ్మ ఈ పనే చేసి, చూపు ఆనడం లేదని 50 ఏళ్లకే మానేసింది. అప్పట్లో ఎవరైనా ఇలా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఇంకో పదేళ్లు చేసేది. అందుకే ఇంత రాస్తున్నాను.

బోర్డ్‌రిపేర్_కోఠి

అక్క చెప్పిన లైటు మాట నూటికి నూరు పాళ్లు నిజం. లైటు కొనేటప్పుడు సీఆర్‌ఐ, అంటే రంగుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపే కొలత, 90 పైన ఉన్నది తీసుకో అన్నా, టంకం రంగుకీ బంగారం రంగుకీ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

రాళ్లపని_ప్రొద్దుటూరు

మూడు వారాలైంది, చేసింది చెప్తాను. ముందు కంటి పరీక్షకి పోయాను. కుడి కంటి సిలిండర్ మైనస్ 0.75 అట, నా పాత కళ్లద్దాల్లో అది అసలు వేయనే లేదు. రెండు కళ్లకీ +1.75, సిలిండర్‌తో సహా, పాలీకార్బనేట్‌లో ఒకే పవర్ జత చేయించాను. ప్రెషర్ కూడా చూశారు, బాగానే ఉంది. తర్వాత గాజు లెన్స్, పక్కన మర ఉన్న డిఎ-3 తెప్పించాను, రావడానికి 12 రోజులు పట్టింది. రాగానే గోటితో తట్టి చూశాను, వంద నోటు పెట్టి చూశాను, ఒక్కో కన్ను మూసి చూశాను. అక్షరం కదల్లేదు.

మొదటి రెండు రోజులు తేడాగా అనిపించింది, పాతదానితో అలవాటై సరుకుని పైకి ఎత్తేస్తున్నాను, ఎత్తితే మసక. మూడో రోజు నుంచి చెయ్యి తన చోటుకి తనే పోతోంది. తలనొప్పి పోయింది. పని నేర్చుకునే పిల్లవాడికి సేఫ్టీ కళ్లద్దాలు కొనిచ్చాను, తిట్టడం మానేశాను. కరీంనగర్ చెల్లెమ్మా, లైటు ఎడమకి మార్చాను, నువ్వు చెప్పిన నీడ సంగతి బంగారంలో ఇంకా బాగా తెలుస్తోంది. రాయి కూర్చునే మెట్టు సరిగ్గా తెగినచోట గుంట అంచు నల్లటి గీతలాగా నిలబడుతోంది, తెగనిచోట ఆ గీత తెగిపోతోంది.

నిన్న ఏడు రాళ్ల బేసరి చేశాను. లక్కలో పెట్టి, ఆరు రాళ్లు కూర్చోబెట్టాక ఏడోది ఒక పక్క వెంట్రుక వాసి లేచి ఉంది. మునుపైతే అది నాకు తెలిసేది కాదు, వేసుకున్నావిడ చీర కొంగుకి పట్టుకున్నప్పుడు తెలిసేది. విప్పి, గుంట ఇంకొంచెం దించి, మళ్లీ పెట్టాను.

10 రెట్ల ట్రిప్లెట్ లూప్ కూడా తీసుకున్నాను పెద్దాయనా. ఆ కమ్మలావిడ సోమవారం వేరే పని మీద వచ్చింది. ఆ కమ్మలే చెవులకి ఉన్నాయి. ఒకసారి తీసివ్వమ్మా అని అడిగి తీసుకుని, ఆరక్షరాలూ నేనే చదివి కాగితం మీద రాసిచ్చాను.

ఒకటి మిగిలింది. డిఎ-5 పలక కూడా ఒకటి దగ్గర పెట్టుకుందామనుకుంటున్నాను, మరీ సన్న రాళ్లు వచ్చినప్పుడు వేసుకోవడానికి. కళ్లద్దాల మీద పెడితే 15 సెంటీమీటర్లు వస్తుందని లెక్క వేశాను. వరంగల్ సార్, రోజుకి ఒక గంట అలా చేస్తే ఫర్వాలేదా?

కంటిపరీక్ష_వరంగల్

లెక్క సరిగ్గా వేశారు. గంట ఫర్వాలేదు, కానీ ఒకే దఫాలో వద్దు. ఇరవై నిమిషాలకొకసారి అద్దం పైకి లేపి, కళ్లద్దాలు కూడా తీసి, వీధి చివర దాకా ఒక నిమిషం చూసి మళ్లీ మొదలుపెట్టండి.